మొదటి అంగుళం లేని టేపు

టేపక్క మెడలో వేలాడే టేపుకి మొదటి అంగుళం లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఇస్త్రీపెట్టె కింద పడి దాని కొస కరిగిపోయింది, కొసనున్న రేకు ఊడిపోయింది. వంకర తిరిగిన ఆ ముక్కని ఆమె 'ఒకటి' అన్న గీత దగ్గర కత్తిరించి పారేసింది. అప్పటి నుంచి ఏది కొలిచినా కొస ఆనించి, అంకె చదివి, అందులోంచి ఒకటి తీసేస్తుంది. ఇరవై మూడు కనిపిస్తే ఇరవై రెండు రాస్తుంది. కొత్త టేపు దొరక్క కాదు. యజమాని ఇచ్చే కొత్త టేపులు ఆరు నెలలు తిరక్కుండానే సాగిపోయి, అరవై దగ్గరికొచ్చేసరికి అరంగుళం అబద్ధం చెబుతాయి. ఇది పాత గట్టి సరుకు. మొదట్లో కాస్త పోయింది కానీ, ఉన్నదంతా నిజమే చెబుతుంది.

ఆమె పనిచేసేది టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోటు అది. పద్నాలుగు మిషన్లు, రెండు ఇస్త్రీ బల్లలు, కిటికీ పక్కన పొడుగాటి కటింగు టేబుల్. కోతకి కావాల్సిన గుర్తులు టేబుల్ అంచునే మేకులతో కొట్టి ఉంటాయి. టేపుతో పని మనుషుల్ని కొలిచేటప్పుడు, కుట్టొచ్చిన బట్టని సరిచూసేటప్పుడు మాత్రమే. ఆమె టేపు సంగతి ఆ అంతస్తులో అందరికీ తెలుసు. ఎవరు అరువు తీసుకున్నా వెనకనుంచి ఒకటే మాట వినిపిస్తుంది: ఒకటి తీసెయ్. పోనుపోను అదొక జోకయింది. సూపర్‌వైజరు నాలుగు రోజులు సెలవిస్తానన్నాడని ఎవరైనా చెబితే, ఒకటి తీసెయ్ అనేవాళ్ళు. కాజాలు కుట్టే వదిన తనకి ముప్పై తొమ్మిదని అంటే, "నీకు తీసెయ్యక్కర్లేదు వదినా, ఇంకో అయిదు కలుపుకో" అనేవాళ్ళు.

ఆ రెండు మాటలే ఆమె కూతురి చదువు మీదికి వచ్చాయి.

కూతురిని అందరూ గుండీ అంటారు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు చొక్కా గుండీ ఒకటి నోట్లో వేసుకుని, పద్నాలుగు మిషన్లూ ఆగిపోయేలా చేసింది. తలకిందులు చేసి వీపు మీద చరిస్తే గుండీ బయటపడింది, పేరు మాత్రం లోపలే ఉండిపోయింది. ఆరేళ్ళ వయసులో ఆ పిల్లకి ఫిట్స్ మొదలయ్యాయి. మందులతో చాలావరకు అదుపులోనే ఉండేవి కానీ, బడిలో రెండుసార్లు వచ్చాయి. రెండోసారి పడినప్పుడు బెంచీ అంచు తగిలి కనుబొమ పగిలింది. మూడో రోజున పెద్ద టీచరమ్మ తల్లిని పిలిపించింది.

టీచరమ్మ కసిరింది లేదు, విసుక్కుంది లేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మిగతా పిల్లలు జడుసుకుంటున్నారని, వాళ్ళ తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారని, పాప ఇంటి దగ్గరైతే క్షేమంగా ఉంటుందని చెప్పింది. ఒక కాగితం ముందుకు తోసి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. టేపక్క పెట్టింది. ఇంటికొచ్చి భర్త చేత చదివించుకుంటే ఆ కాగితంలో ఇలా ఉంది: 'ఆరోగ్య కారణాల వల్ల, తల్లి కోరిక మేరకు విద్యార్థినిని బడి నుంచి పంపడమైనది.'

"నువ్వెప్పుడు కోరావు?" అన్నాడు భర్త. ఆయన ఇళ్ళకి రంగులేసే మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎవరివో గోడలుంటాయి.

"మంచినీళ్ళిచ్చింది. తాగాను," అంది ఆమె.

ఆ బడి పిల్లలు తొడుక్కునే నీలం స్కర్టులు ఆమె చేత్తో కోసినవే. ఏటా మూడు వందలు. ఎవరి నడుం ఎంతో, ఎవరి మోకాలు ఎక్కడో ఆమెకి తెలుసు. ఆమె కూతురికి అక్కడ చోటు లేదు. మన బళ్ళు పిల్లల్ని వెళ్ళగొట్టవు. వెళ్ళిపోతామని మన చేతే రాయిస్తాయి. అందుకే ఇప్పుడు ఎవరైనా పిల్లని ఇంట్లో పెట్టి చదివించుకుంటామని సలహా కోసం వస్తే, టేపక్క ముందు కాగితాల గురించే చెబుతుంది. చదవని కాగితం మీద వేలు కూడా ఆనించొద్దంటుంది. 'కోరిక మేరకు' అన్న మాట కనిపిస్తే కొట్టేసి, అసలు కారణం ఏమిటో వాళ్ళ చేత రాయించమంటుంది. రాయకపోతే సంతకం లేకుండా లేచి రమ్మంటుంది. వాళ్ళిచ్చే మంచినీళ్ళు కూడా తాగొద్దంటుంది. ఆ మాట అన్నప్పుడు వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఆమె నవ్వదు.

విద్యా కార్యాలయంలో విచారిస్తే ఇంట్లో చదివించుకోవచ్చన్నారు. దానికొక అనుమతి పత్రం ఉంది. ఏడాది చివర అధికారి పరీక్ష పెడతాడు. చదవడం, రాయడం, లెక్కలు, కొలతలు. నాలుగూ వస్తే మరో ఏడాది అనుమతి. ఏ ఒక్కటి రాకపోయినా పిల్లని ప్రత్యేక హాస్టలుకి పంపుతారు. అది బస్సులో అయిదు గంటల దూరం. బుద్ధి ఎదగని పిల్లల కోసం కట్టింది. నెలకొక్క పూట తల్లిదండ్రుల్ని చూడనిస్తారు. ఒకసారి అక్కడి పేర్ల పుస్తకంలోకి ఎక్కిన పిల్లని మామూలు బడి ఏదీ తీసుకోదు. గుమాస్తా ఇదంతా చెబుతూ మధ్యలో గుండీ వైపు చూసి, పిల్ల చురుగ్గానే ఉందే అన్నాడు. ఆ మాట పట్టుకుని టేపక్క ఏడాదంతా బతికింది.

మొదటి రెండు నెలలూ అన్నీ తప్పులే. వంటింట్లో చాప పరిచి, గోడకి వేళల పట్టిక అంటించి, గిన్నె మీద గరిటెతో గంట కొట్టేది. పిల్ల లేచి నిలబడి నమస్తే టీచర్ అనాలి. గుండీకి మొదటి రోజు నవ్వొచ్చింది. నాలుగో రోజు ఏడుపొచ్చింది. పదో రోజు పెన్సిలు విసిరేస్తే టేపక్క చెంప మీద కొట్టింది. ఆ సాయంత్రమే పిల్లకి ఫిట్స్ వచ్చాయి. దెబ్బ వల్ల వచ్చాయో, రావలసి వచ్చాయో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆమెకి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మర్నాడు గోడ మీది పట్టిక చింపేసింది. బడి మనల్ని వద్దంటే, ఆ బడినే ఇంట్లోకి ఎత్తుకొచ్చి పెడుతున్నానని అప్పుడు తోచింది.

తర్వాత తర్వాత ఒక పద్ధతి కుదిరింది. పొద్దున అన్నం ఉడికేలోగా చదవడం. పిల్ల ఇంకా కావాలంటుండగానే ఆపెయ్యడం. విసుగొచ్చాక చదివించిన పావుగంట మర్నాటి గంటని తినేస్తుందని ఆమె లెక్క. ఫిట్స్ వచ్చిన రోజు, ఆ మర్నాడు పుస్తకం ముట్టుకోనిచ్చేది కాదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పిల్లకి బాగా వచ్చిందే ముందు అడిగేది. తెలిసినదాని మీద ఒక అడుగు పడితే తెలియనిదాని మీదకి రెండో అడుగు దానంతట అదే పడుతుంది. ఇవన్నీ ఆమె ఏ పుస్తకంలోనూ చదివినవి కావు. పిల్ల మొహం చూసి నేర్చుకున్నవి.

మధ్యాహ్నాలు గుండీ బడి కటింగు టేబుల్ కిందే. ఫిట్స్ పిల్లని ఇంట్లో ఒంటరిగా వదలలేరు. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. యజమాని మెట్లెక్కిన చప్పుడైతే మాత్రం కాజాల వదిన దగ్గేది, గుండీ కాళ్ళు ముడుచుకునేది. కింద పలక ఉండేది కాదు. కోతలో మిగిలిన నీలం గుడ్డముక్కల మీద దర్జీ సుద్దతో రాసేది. తప్పయితే అరచేత్తో దులిపితే పోయేది. అలా పిల్ల అక్షరాలన్నీ నీలం మీద తెల్లగా నేర్చుకుంది. దారం ఉండల మీద అంకెలు చదివింది. మూటల మీద అంటించిన బళ్ళ పేర్లు చదివింది. తనని పంపేసిన బడి పేరు వచ్చినప్పుడు పైకి చదివేది కాదు, పక్కకి తిప్పి పెట్టేది.

కొలతలు కూడా అక్కడే. తల్లి మెడలోంచి టేపు తీసి ఇచ్చేది. పిల్ల పెట్టె కొలిచేది, చెప్పు కొలిచేది, కాజాల వదిన జడ కొలిచేది. పద్దెనిమిది అనేది. పైనుంచి తల్లి, కోత మీద కళ్ళు తీయకుండానే, ఒకటి తీసెయ్ అనేది. పదిహేడు అనేది పిల్ల. పదిహేను రోజులకి తల్లి చెప్పాల్సిన పని లేకపోయింది. తీసేసిన అంకే నేరుగా వచ్చేది. ఆ వేగం చూసి మిషన్ల మీదున్న ఆడవాళ్ళందరూ ముచ్చటపడ్డారు. టేబుల్ అంచున మేకులతో కొట్టిన సరైన గుర్తులున్నాయి. కింద కూర్చున్న పిల్లకి అవి కనపడవు.

ఎందుకు తీసెయ్యాలో టేపక్క ఒక్కనాడూ చెప్పలేదు. దాచింది కాదు. తొమ్మిదేళ్ళుగా చేతికి అలవాటైన పనికి ఒక కారణం ఉందన్న సంగతే ఆమె మర్చిపోయింది.

వాళ్ళ ఇంటి కింద వాటాలో పోస్టు బాబాయ్ ఉండేవాడు. ఉద్యోగం అయిపోయినా ఖాకీ చొక్కా వదల్లేదు. తలుపు కొట్టేటప్పుడు ఇప్పటికీ రెండుసార్లు కొట్టి, పక్కకి తిరిగి నిలబడతాడు. గుండీ చదువు సంగతి తెలిసి ఒకరోజు పైకొచ్చాడు. వారానికొకసారి తనొచ్చి పిల్లని నాలుగు ప్రశ్నలు అడుగుతానన్నాడు.

"నేర్పడం నీకే బాగా వచ్చు అమ్మాయ్. నేను అడుగుతానంతే. ఇంకో నోటి నుంచి ప్రశ్న వినడం కూడా అలవాటవ్వాలి కదా."

"అడగడానికి ఏడాదికొకాయన ఉన్నాడుగా బాబాయ్. మీకెందుకు శ్రమ," అంది టేపక్క.

ఆయన సరేనమ్మా అని దిగిపోయాడు. ఆయన అడగనీ, మనదేం పోయింది అన్నాడు భర్త. పిల్లని పరీక్షించే ముసుగులో తనని పరీక్షిస్తారని, ఒకసారి మంచినీళ్ళు తాగి మోసపోయింది చాలని ఆమె అంది. ఆ పైన రెండు రోజులు భర్తతో మాట్లాడలేదు. ఒక బడి చేసిన అవమానం ఎంత దూరం పోతుందో చూడండి. మంచి కోరి వచ్చిన మనిషి మొహం మీద కూడా తలుపేయిస్తుంది.

పరీక్ష రోజున గుండీకి కొత్త రిబ్బన్లు కట్టి తీసుకెళ్ళారు. కార్యాలయంలో చివరి గది. లోపలికి పిల్ల ఒక్కతే వెళ్ళాలి. తల్లీ తండ్రీ బయట బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగోడకి కొత్తగా రంగేశారు. ఒక్క పూతే వేసి వదిలేశారని, వానొస్తే లోపలిది బయటపడుతుందని భర్త గొణిగాడు. ఆమె వినలేదు. లోపల ఫిట్స్ వస్తే ఏ చప్పుడు వినిపిస్తుందో అని చెవులు రెండూ అటే పెట్టింది.

గంటన్నరకి గుండీ వచ్చింది. పడలేదు, ఏడవలేదు. మొహం వెలిగిపోతోంది.

"అన్నీ చేశానమ్మా. కొలతలు పది ఇచ్చారు. ఒక్కదాంట్లో కూడా ఒకటి తీసెయ్యడం మర్చిపోలేదు."

టేపక్క పిల్ల తల నిమిరింది. పదీ చేసిందన్న మాట విన్నది. ఫిట్స్ రాలేదన్నది చూసింది. మిగతా మాట చెవిన పడింది కానీ లోపలికి వెళ్ళలేదు. దారిలో ముగ్గురూ ఐస్‌క్రీం తిన్నారు.

ఎనిమిదో రోజున కవరొచ్చింది. చదవడం, రాయడం, లెక్కలు ఉత్తీర్ణత. కొలతల్లో సున్నా. కింద అధికారి చేత్తో రాసింది: 'ప్రతి కొలతనూ తప్పుగా చెప్పినది. మళ్ళీ కొలవమన్నా అదే తప్పు. గ్రహణ శక్తి లోపించినట్లు కనిపిస్తున్నది. ప్రత్యేక హాస్టలుకు సిఫారసు.' నెలాఖరులోగా పిల్లని అప్పగించాలని తేదీ కూడా వేశారు.

మర్నాడు పొద్దున్నే ఆమె పిల్లని వెంటబెట్టుకుని కార్యాలయంలో ఉంది. జవాబు పత్రం చూపించే దాకా కదలనని గుమాస్తా బల్ల ముందు నిలబడింది. చూపించక్కర్లేదని అతను, చూడకుండా పోనని ఆమె. చివరికి అతనే విసిగిపోయి ఫైలు తీసి ఇటు తిప్పాడు. కాగితం మీద పది కొలతలు. పక్కన గుండీ గుండ్రటి రాత. ఏడంగుళాల గీతకి ఆరు. నాలుగుకి మూడు. తొమ్మిదికి ఎనిమిది. పుస్తకం పొడుగు పదకొండైతే పది. ఆమె జీవితమంతా కొలతలు చూసిన మనిషి. నాలుగో వరుస దాకా కూడా వెళ్ళనక్కర్లేకపోయింది. చెయ్యి దానంతట అదే మెడ దగ్గరికి పోయింది.

పరీక్షలో ఇచ్చిన స్కేలుకి మొదటి అంగుళం ఉంది. పిల్ల ఆ అంగుళాన్ని కూడా తీసేసింది.

పదిసార్లు అదే తప్పు చేసిందంటే దానికొక కారణం ఉండి తీరుతుంది. తెలివిలేని పిల్ల పది రకాలుగా తప్పుతుంది. ఇంత నిక్కచ్చిగా పదిసార్లూ ఒకేలా తప్పాలంటే తెలివి కావాలి. ఈ మాట కుట్టుపని చేసుకునే మనిషికి అరక్షణంలో తట్టింది. పరీక్షలు పెట్టడమే ఉద్యోగమైనవాడికి తట్టలేదు.

అధికారి పదకొండింటికి వచ్చాడు. సన్నటి మనిషి, మాట మెత్తన. ఆమె ఇంకేమీ చెప్పకుండా మెడలోంచి టేపు తీసి ఆయన బల్ల మీద పరిచింది, పక్కన ఆయన స్కేలే పెట్టింది. కోసేసిన కొస మీద వేలు పెట్టి చూపించింది. ఆయనకి వెంటనే అర్థమైంది. కళ్ళజోడు తీసి చిన్నగా నవ్వాడు కూడా.

"ఎందుకలా తగ్గించావని పాపని అడిగారా సార్?"

"పరీక్షలో అడగకూడదమ్మా. చూడాలి, రాయాలి. అంతవరకే."

"అయితే ఇప్పుడు అడగండి. బయటే ఉంది. స్కేలు ఎలా పెట్టాలో ఒక్క పూటలో నేర్చుకుంటుంది. రేపు మళ్ళీ పెట్టండి."

ఏడాదిలో రెండోసారి పరీక్ష పెట్టడానికి రూలు లేదన్నాడాయన. తర్వాత సొరుగు లాగి ఇంకో కాగితం తీశాడు.

"మీరు చూపించింది చూస్తే లోపం పిల్లలో లేదు. నేర్పడంలో ఉంది. అది మీరు రాసిస్తే హాస్టలు సిఫారసు కొట్టేస్తాను. పిల్ల పేరు మీద ఏ మచ్చా ఉండదు. కానీ తప్పుగా నేర్పానని ఒప్పుకున్నాక ఇంట్లో చదివించే అనుమతి ఉండదు కదమ్మా. మామూలు బడిలో చేర్చాలి. దగ్గరున్న బడికి ఆర్డరు నేనే వేస్తాను."

దగ్గరున్న బడి ఏదో ఆమెకి తెలుసు.

పిల్లని కాపాడుకోవడానికి ఆమె తెచ్చిన సాక్ష్యం ఆ టేపు ఒక్కటే. అది పిల్లని విడిపించింది, తల్లిని దోషి చేసింది. ఈ రెండు కాగితాలు తప్ప మూడోది ఆ సొరుగులో లేదు. ఒక తల్లి ఒక తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి ఒక పూట ఇవ్వలేని కార్యాలయం, పిల్లని తరిమేసిన బడికి మాత్రం మళ్ళీ అదే పిల్లని అప్పగించగలదు. దానికి రూలుంది.

ఈసారి కాగితం మొత్తం చదివింది. గుండీ చదివినట్టే తనూ వేలు పెట్టి, మాట మాటా కూడబలుక్కుని చదివింది. సంవత్సరం కిందట ఆమెకి ఇంత చదువు రాదు. పిల్లకి నేర్పుతూ తను నేర్చుకున్నదే అది. ఖాళీ వదిలిన చోట తన చేత్తో రాసింది: 'నేను తప్పుగా నేర్పాను. పిల్లకి తెలివి ఉంది.' రెండో వాక్యం అవసరం లేదన్నాడు అధికారి. ఉంచండి సార్, అంది. ఆయన ఉంచాడు.

యూనిఫారం తనే కుట్టింది. కొత్త టేపు తెచ్చింది, రెండు కొసలూ రేకుతో. వంటింట్లో గుండీని నిలబెట్టి నడుం కొలిచింది, పొడుగు కొలిచింది, చీటీ మీద రాసుకుంది. వర్క్‌షాపులో టేబుల్ గుర్తుల ప్రకారం కోసి, ఆ పూటే కుట్టి తెచ్చింది. తొడిగి చూస్తే నడుం పట్టేసింది. అంచు మోకాలి పైకి పోయింది. గుండీ చీటీ అడిగి తీసుకుంది, కొత్త టేపు తన నడుముకి చుట్టి చూసుకుంది.

"అమ్మా, ఇది కొత్త టేపు. ఇందులో ఒకటి తియ్యకూడదు."

ఆ సంగతి పిల్లకి తల్లి చెప్పింది ముందు రోజు సాయంత్రమే. ఒక్క పూట కూడా పట్టలేదు. తల్లి వేళ్ళకి మాత్రం తొమ్మిదేళ్ళు అడ్డొచ్చాయి. టేపక్క స్కర్టు తిరిగి విప్పుతూ కూర్చుంది. నడుముకి ఒక పట్టీ, అంచుకి ఒక పట్టీ అతికింది. నీలం మీద నీలమే అయినా అతుకు కనపడుతూనే ఉంది.

బడిలో గుండీకి తలుపు పక్కన విడిగా ఒక కుర్చీ వేశారు. పడితే చప్పున బయటికి మోసుకుపోవచ్చని. ఆటల గంటలో గదిలోనే కూర్చోమన్నారు. అతుకుల స్కర్టని పిల్లలు పేరు పెట్టారు. అవన్నీ గుండీ ఇంటికొచ్చి ఫిర్యాదులా కాక, వార్తల్లా చెప్పేది. నాలుగో నెలలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మూడు రోజులు విశ్రాంతి అన్నారు. మళ్ళీ వచ్చినప్పుడు పది రోజులు. డాక్టరు దగ్గర కాగితం తెస్తేనే రానిస్తామన్నారు. తెస్తే ఇది చాలదన్నారు. ఎవరూ పొమ్మనలేదు. పెద్ద టీచరమ్మ ఈసారి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఏడో నెలలో, దీర్ఘకాలం గైర్హాజరైనందున పేరు తొలగించామని కవరొచ్చింది.

ఇప్పుడు గుండీ బడి పుస్తకంలో లేదు. ఇంటి చదువు పుస్తకంలోనూ లేదు. చదువు మానేసిన పిల్లల లెక్కలో ఒకతె. ఆ లెక్కలు చూసి, ఆడపిల్లల్ని తల్లిదండ్రులే చదివించడం లేదని ప్రసంగాలు చేసేవాళ్ళు చేస్తారు.

టేపక్క కొత్త అనుమతికి అర్జీ పెట్టింది. పాత కాగితంలో ఆమె రాతే అడ్డొస్తోందన్నారు. పై అధికారికి పెట్టింది. ఆయన కింది అధికారికి పంపాడు. అర్జీల నకళ్ళన్నీ దారం ఉండల అట్టపెట్టెలో దాస్తోంది. ఈలోగా ఆమె దగ్గరికి మనుషులు రావడం మొదలైంది. భోజనాల వేళ మెట్ల మీద నిలబడి ఉంటారు. వినపడని పిల్లాడి తండ్రి, నత్తి పిల్ల తల్లి, బడిలో దెబ్బలు తిని మళ్ళీ వెళ్ళనని మొండికేసిన పిల్లల తల్లులు. అన్నం డబ్బా మూత పెట్టి ఆమె లేచొస్తుంది. పలకా పుస్తకం ఏది కొనాలని అడిగితే, ముందు మీరు దేంతో నేర్పుతున్నారో అది తెచ్చి చూపించండి అంటుంది. చేటలో బియ్యమైనా సరే, కొట్లో తూకం రాళ్ళయినా సరే. దాంట్లో మీకు అలవాటైపోయి కనపడకుండా పోయిన వంకర ఏముందో నేను చూస్తాను, నాది మీరు చూడండి అంటుంది. ఏ అలవాటైనా పిల్లకి ఎందుకో చెప్పి నేర్పమంటుంది. వాళ్ళు పరీక్షలో ఏ స్కేలు ఇస్తారో, ఏ కుర్చీలో కూర్చోబెడతారో ముందే వెళ్ళి చూసి, ఇంట్లో ఆ స్కేలుతోనే వారానికోసారి చేయించమంటుంది. పిల్ల ఏం నేర్చుకుందో రోజూ ఒక్క వాక్యం రాసి పెట్టుకోమంటుంది. మీరు నేర్పింది కాదు, పిల్ల నోటితో అన్నది అన్నట్టుగా రాయమంటుంది. గుండీ పరీక్ష నుంచి బయటికొచ్చి అన్న మాటని ఆ సాయంత్రం తను రాసుకుని ఉంటే, ఎనిమిది రోజులు ముందే తెలిసేది. అప్పటికి కవరు టైపయ్యేది కాదు. ఈ సంగతి మాత్రం వాళ్ళకి చెప్పదు.

ఇక ఆఖరున, మీ ఇంట్లోవాళ్ళు కాని మనిషి ఒకరు వచ్చి పిల్లని ప్రశ్నలడగాలంటుంది. ఎవరూ లేరంటే మా పోస్టు బాబాయ్‌ని పంపిస్తానంటుంది.

పేరు తొలగించిన కవరు వచ్చిన రోజునే ఆమె కింద వాటా తలుపు కొట్టింది. రెండుసార్లు కొట్టి పక్కకి నిలబడింది. తనకి తెలియకుండానే ఆయనలా నిలబడిందామె. బాబాయ్ తలుపు తీశాడు.

"ఉత్తరం ఏమన్నా ఉందా అమ్మాయ్?"

"పైకి రండి బాబాయ్. పిల్లని అడగాలి."

ఆయన చెప్పులేసుకుని వచ్చాడు. పైన గుండీ ఇంటి గౌను వేసుకుని ఉంది. టేపక్క బడి స్కర్టు తీసి, కుట్లన్నీ ఒక్కొక్కటే కోసింది. నడుం పట్టీ, అంచు పట్టీ, కుచ్చిళ్ళు విప్పేసి గుడ్డని చాప మీద వెడల్పుగా పరిచింది. ఇస్త్రీ మడతల గీతలు ఇంకా పోలేదు. దర్జీ సుద్ద తెచ్చి పిల్ల చేతిలో పెట్టి తను వంటగట్టు దగ్గరికి వెళ్ళిపోయింది, అటు తిరిగి నిలబడింది.

బాబాయ్ కిందనే కూర్చున్నాడు. ఖాకీ జేబులోంచి స్కేలు తీసి గుడ్డ మీద పెట్టాడు.

"ఈ గుడ్డ వెడల్పెంతో కొలిచి రాయి తల్లీ."

గుండీ స్కేలు చేతిలోకి తీసుకుంది. కొలవలేదు. ముందు దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, మొదటి అంగుళం ఉందో లేదో చూసింది.